జి.ఎన్. రామచంద్రన్

గోపాలసముద్రం నారాయణన్ రామచంద్రన్ (అక్టోబర్ 8, 1922 - ఏప్రిల్ 7, 2001) భారతదేశానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త, స్ఫటిక శాస్త్రవేత్త. మన దేశంలో జీవభౌతిక శాస్త్రానికి పునాదులు వేసిన వారిలో ముఖ్యుడు. ఎముకలు, చర్మం, స్నాయువులలో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీను మూడు పేటల త్రాడు వంటి నిర్మాణం కలిగి ఉంటుందని ప్రతిపాదించాడు. ప్రోటీను గొలుసులోని పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరకు రాగలవు అన్న ప్రశ్నను పరిశీలించి, గొలుసు ఏయే విధాలుగా మలుపు తిరగగలదో చూపే పటాన్ని తన శిష్యులతో కలిసి 1963లో ప్రకటించాడు. రామచంద్రన్ పటం అన్న పేరుతో అది నేడు ప్రపంచమంతటా జీవరసాయన శాస్త్ర పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది. తన కొల్లాజెన్ నమూనాపై వచ్చిన ఒక విమర్శకు సమాధానం వెతకడంలో ఆయన ఈ పటం వద్దకు చేరాడు.

బాల్యం, విద్యాభ్యాసం

రామచంద్రన్ అప్పటి కొచ్చిన్ సంస్థానంలోని ఎర్నాకుళంలో ఒక తమిళ కుటుంబంలో జన్మించాడు. తండ్రి నారాయణ అయ్యర్ ఎర్నాకుళంలోని మహారాజా కళాశాలలో గణిత ఆచార్యుడు, తరువాత ప్రిన్సిపాల్. తల్లి లక్ష్మీ అమ్మాళ్. ఇంటిలోనే తండ్రి వద్ద గణితంలో గట్టి శిక్షణ లభించింది. భౌతిక, జీవ శాస్త్రాల సమస్యలను గణితంగా మార్చి చూసే అలవాటు ఆయనకు జీవితాంతం ఉండడానికి ఈ శిక్షణే కారణమని చెప్పవచ్చు.

తిరుచిరాపల్లిలోని సెయింట్ జోసెఫ్ కళాశాలలో భౌతిక శాస్త్రంలో బి.ఎస్సీ. ఆనర్సు చదివి 1942లో పూర్తిచేశాడు. అదే సంవత్సరం బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు విద్యార్థిగా చేరాడు. ఆ సంస్థలో భౌతిక శాస్త్ర విభాగానికి అప్పుడు అధిపతి సర్ చంద్రశేఖర వెంకట రామన్. కొద్దికాలంలోనే రామచంద్రన్ ఇంజనీరింగు వదలి రామన్ వద్ద భౌతిక శాస్త్ర పరిశోధనలో ప్రవేశించాడు. స్ఫటికాలలో కాంతి ప్రవర్తన, వజ్రాల ఎక్స్-కిరణ పరిశీలన వంటి అంశాలపై పనిచేసి, మద్రాసు విశ్వవిద్యాలయం నుండి మొదట మాస్టర్సు పట్టాను, 1947లో డి.ఎస్సీ. పట్టాను పొందాడు. 1945లో రాజలక్ష్మితో ఆయన వివాహం జరిగింది.

కేంబ్రిడ్జిలో

1947లో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని కావెండిష్ ప్రయోగశాలలో చేరాడు. ఆ ప్రయోగశాలకు అప్పుడు సర్ లారెన్స్ బ్రాగ్ అధిపతి. రామచంద్రన్‌కు మార్గదర్శి డబ్ల్యు. ఎ. వూస్టర్. స్ఫటికాల నుండి విస్తరించి వెదజల్లబడే ఎక్స్-కిరణాలను కొలిచి, ఆ స్ఫటికాల స్థితిస్థాపక గుణాంకాలను కనుగొనే పద్ధతిపై పరిశోధన చేసి 1949లో పిహెచ్.డి. పొందాడు.

ఆ రోజులలో కేంబ్రిడ్జిలో మాక్స్ పెరుట్జ్, జాన్ కెండ్రూ రక్తంలోని హీమోగ్లోబిన్, కండరాలలోని మయోగ్లోబిన్ నిర్మాణాలను ఎక్స్-కిరణాలతో ఛేదించడానికి కృషి చేస్తున్నారు. 1948లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ ఇంగ్లండులో ఇచ్చిన ఉపన్యాసాలు రామచంద్రన్‌పై గాఢమైన ప్రభావం చూపాయి. చిన్న అణువుల నిర్మాణాలను నిశితంగా తెలుసుకుంటే, ఆ కొలతల ఆధారంగా పెద్ద అణువుల నమూనాలను నిర్మించవచ్చు అన్నది పౌలింగ్ మార్గం. రామచంద్రన్ తరువాత నడిచినది ఈ మార్గంలోనే.

మద్రాసు విశ్వవిద్యాలయం

1949లో స్వదేశానికి తిరిగివచ్చి బెంగుళూరులోనే అధ్యాపకుడుగా చేరాడు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్ర విభాగాన్ని నెలకొల్పినప్పుడు ఉపకులపతి ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ ఆచార్య పదవిని ముందుగా రామన్‌కు ఇవ్వజూపాడు. రామన్ తనకు బదులు తన శిష్యుని పేరు సూచించాడు. ఆ విధంగా 30 ఏళ్ళు నిండే వయస్సులోనే రామచంద్రన్ గిండీ ప్రాంగణంలోని విభాగానికి అధిపతి అయ్యాడు. కొత్త విభాగంలో ఎక్స్-కిరణ స్ఫటిక శాస్త్ర ప్రయోగశాలను ఏర్పాటు చేశాడు.

ఆ కాలంలో మద్రాసు వచ్చిన ఆంగ్ల శాస్త్రవేత్త జె. డి. బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని రామచంద్రన్‌తో ప్రస్తావించాడు. విశ్వవిద్యాలయానికి సమీపంలోనే కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఉండడం కలిసివచ్చింది. తోలు అంటే ప్రధానంగా కొల్లాజెనే కనుక ఆ సంస్థకు కూడా ఈ ప్రోటీనుపై ఆసక్తి ఉంది. 1958 నుండి ఈ సంస్థకు సంచాలకుడుగా పనిచేసినవాడు తెలుగు శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ.

కొల్లాజెన్ నిర్మాణం

మన శరీరంలోని ప్రోటీన్లలో దాదాపు నాలుగో వంతు నుండి మూడో వంతు వరకు కొల్లాజెనే. ప్రోటీన్లన్నీ అమినో ఆమ్లాలు వరుసగా ముడిపడిన గొలుసులు. గొలుసులో చేరిన తరువాత ఒక్కొక్క అమినో ఆమ్లంలో మిగిలే భాగాన్ని అవశేషం అంటారు. కొల్లాజెన్ గొలుసులో ప్రతి మూడవ అవశేషం గ్లైసీన్. మిగిలిన స్థానాలలో ప్రోలీన్, హైడ్రాక్సీప్రోలీన్ ఎక్కువగా కనిపిస్తాయి.

రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా ఈ విషయాలను, ఎక్స్-కిరణ చిత్రాలను కలిపి ఆలోచించి, మూడు సర్పిలాకార గొలుసులు పక్కపక్కన ఇమిడి ఉన్న నమూనాను 1954లో నేచర్ పత్రికలో ప్రకటించారు. గ్లైసీన్ ప్రతి మూడవ స్థానంలోనే ఎందుకు ఉండాలో ఈ నమూనా వివరించింది. మూడు గొలుసులు కలిసే నడిమి భాగంలో చోటు చాలా తక్కువ. మిగిలిన అమినో ఆమ్లాలకు ఉండే పార్శ్వ సమూహం అక్కడ పట్టదు. పార్శ్వ సమూహంగా ఒక్క హైడ్రోజన్ పరమాణువు మాత్రమే గల గ్లైసీన్ పడుతుంది. మూడు గొలుసులు ఒకదానినొకటి చుట్టుకొని పేనిన త్రాడులా ఉంటాయని సవరించిన నమూనాను 1955లో ప్రకటించారు.

గ్లైసీన్ స్థానం ఎంత కీలకమో వైద్య శాస్త్రం తరువాత నిరూపించింది. జన్యులోపం వల్ల ఆ స్థానంలో మరొక అమినో ఆమ్లం వచ్చి చేరితే త్రాడు సరిగా పేనుకోదు. చిన్న దెబ్బకే ఎముకలు విరిగే ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అనే పుట్టుకతో వచ్చే వ్యాధికి ఇటువంటి మార్పులు ఒక ప్రధాన కారణం.

విమర్శ

1955లోనే కేంబ్రిడ్జికి చెందిన ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ కొల్లాజెన్‌పై తమ నమూనాను ప్రకటించారు. పేనిన మూడు పేటల త్రాడు అన్న మూల భావన వారు కూడా స్వీకరించినదే. అయితే గొలుసులను కలిపి ఉంచే హైడ్రోజన్ బంధాల విషయంలో వారు విభేదించారు. మద్రాసు నమూనాలో ప్రతి మూడు అవశేషాలకు రెండు హైడ్రోజన్ బంధాలు ఉన్నాయి. అలా రెండు ఏర్పడాలంటే కొన్ని పరమాణువులు ఉండవలసిన దానికన్నా ఎక్కువ దగ్గరకు రావలసి వస్తుందని, ఒక్క బంధమే సాధ్యమని వారి వాదన.

ఈ విమర్శ చిన్నది కాదు. పరమాణువుల మధ్య చోటు లేని నమూనా, లెక్క ఎంత అందంగా ఉన్నా, ప్రకృతిలో ఉండజాలదు. అయితే ఎంత దగ్గరైతే మరీ దగ్గర అన్న ప్రశ్నకు ఆనాటికి అందరూ అంగీకరించిన సమాధానం లేదు. ఆ హద్దు తేలనిదే ఏ పక్షం వాదనా పూర్తి కాదు. రామచంద్రన్ ఆ ప్రశ్ననే పరిశోధనాంశంగా స్వీకరించాడు.

దూరాల పట్టిక

రామచంద్రన్, ఆయన శిష్యులు వి. శశిశేఖరన్, సి. రామకృష్ణన్ అప్పటివరకు ఎక్స్-కిరణాలతో నిర్ణయించబడిన అమినో ఆమ్లాలు, చిన్న పెప్టైడ్లు, వాటిని పోలిన సమ్మేళనాల స్ఫటిక నిర్మాణాలను పరిశీలించారు. నేరుగా బంధం లేని రెండు పరమాణువులు ఆ స్ఫటికాలలో ఎంత దూరం వరకు దగ్గరకు వచ్చాయో ఒక్కొక్క జతకు లెక్కించారు. వాటి నుండి రెండు హద్దులు ఏర్పరచారు. తరచుగా కనిపించే కనిష్ఠ దూరం సాధారణ హద్దు. అరుదుగానైనా కనిపించే అతి తక్కువ దూరం అంతిమ హద్దు. వాటిలో కొన్ని ఈ విధంగా ఉన్నాయి (దూరాలు ఆంగ్‌స్ట్రాములలో, ఒక ఆంగ్‌స్ట్రాము సెంటీమీటరులో 10 కోట్లవ వంతు):

* హైడ్రోజన్, హైడ్రోజన్ మధ్య: సాధారణ హద్దు 2.00, అంతిమ హద్దు 1.90
* ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య: 2.40, 2.20
* ఆక్సిజన్, ఆక్సిజన్ మధ్య: 2.70, 2.60
* ఆక్సిజన్, కార్బన్ మధ్య: 2.80, 2.70
* నత్రజని, కార్బన్ మధ్య: 2.90, 2.80
* కార్బన్, కార్బన్ మధ్య: 3.20, 3.00

ఈ పట్టిక వల్ల పరమాణువుల సామీప్యం అభిప్రాయాల స్థాయి నుండి కొలత స్థాయికి వచ్చింది. ఏ నమూనానైనా, తమ నమూనాతో సహా, ఒకే కొలబద్దతో పరీక్షించే వీలు కలిగింది.

రామచంద్రన్ పటం

ప్రోటీను గొలుసులో రెండు అవశేషాలను కలిపే పెప్టైడ్ బంధం చుట్టూ ఉండే ఆరు పరమాణువులు దాదాపు ఒకే తలంలో ఉంటాయని పౌలింగ్ బృందం అంతకుముందే చూపింది. కనుక గొలుసును మూలల వద్ద అతికించిన పేకముక్కల వరుసగా ఊహించుకోవచ్చు. ముక్క వంగదు, అతుకు వద్ద మాత్రం తిరుగుతుంది. ఆ అతుకు స్థానంలో ఉండేది ఆల్ఫా కార్బన్ అనే పరమాణువు. దానికి ఒకవైపు నత్రజనితో గల బంధం చుట్టూ తిరిగే కోణాన్ని ఫై అని, రెండవ వైపు కార్బన్‌తో గల బంధం చుట్టూ తిరిగే కోణాన్ని సై అని అంటారు. ప్రతి అవశేషం వద్ద ఈ రెండు కోణాలు తెలిస్తే గొలుసు వెన్నెముక ఆకృతి దాదాపుగా తెలిసినట్లే.

రామచంద్రన్ బృందం ఈ రెండు కోణాలను కొద్దికొద్దిగా మార్చుతూ, ప్రతి జత విలువలకు పరమాణువుల మధ్య దూరాలను లెక్కించి పట్టికలోని హద్దులతో పోల్చింది. బల్లమీద పెట్టుకొనే చిన్న లెక్కల యంత్రాల సాయంతో ఓపికగా చేసిన గణన ఇది. ఇప్పుడు వాడుకలో ఉన్న కోణాల పద్ధతిలో చెప్పాలంటే, ఫై, సై రెండూ సున్న అయితే ముందరి ముక్కలోని ఆక్సిజన్, తరువాతి ముక్కలోని నత్రజనిపై ఉన్న హైడ్రోజన్ ఢీకొంటాయి. ఫై సున్న, సై 180 డిగ్రీలు అయితే రెండు ఆక్సిజన్లు ఢీకొంటాయి. ఫై 180 డిగ్రీలు, సై సున్న అయితే రెండు హైడ్రోజన్లు ఢీకొంటాయి. ఢీకొనే విలువలన్నీ నిషిద్ధ ప్రాంతాలు. ఏ దూరమూ హద్దు దాటి తగ్గని విలువలు అనుమతి గల ప్రాంతాలు.

ఫై విలువలను అడ్డంగా, సై విలువలను నిలువుగా తీసుకొని గీచిన చతురస్రంలో నాలుగింట మూడు వంతులకు పైగా నిషిద్ధమని తేలింది. మిగిలిన కొద్ది చోటులోనే ప్రోటీన్లలో తరచుగా కనిపించే ఆకృతులన్నీ ఒదుగుతాయి. ఆల్ఫా సర్పిలం సుమారు -57, -47 డిగ్రీల వద్ద ఉంటుంది. బీటా పత్రాలు, కొల్లాజెన్ గొలుసు పటంలో ఎడమవైపు పై భాగంలో ఉంటాయి. పార్శ్వ సమూహం లేనందువల్ల గ్లైసీన్‌కు మాత్రం చాలా ఎక్కువ ప్రాంతం అందుబాటులో ఉంటుంది. వలయాకార నిర్మాణం వల్ల ప్రోలీన్‌కు ఫై కోణం ఇంచుమించు స్థిరంగా ఉండి, స్వేచ్ఛ తగ్గుతుంది.

ఈ ఫలితాలు 1963లో జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీలో 5 పుటల చిన్న వ్యాసంగా వెలువడ్డాయి. పరమాణు స్థాయిలో నిర్మాణం తెలిసిన ప్రోటీను అప్పటికి మయోగ్లోబిన్ ఒక్కటే. తరువాత లైసోజైమ్ మొదలుకొని నిర్మాణం తేలిన ప్రోటీన్లలో అత్యధిక అవశేషాలు ఈ పటం అనుమతించిన ప్రాంతాలలోనే కనిపించాయి. రామచంద్రన్, శశిశేఖరన్ ఈ విషయాన్ని సమగ్రంగా వివరిస్తూ 1968లో రాసిన దీర్ఘ సమీక్ష ఈ రంగంలో ప్రామాణిక గ్రంథంగా పేరు పొందింది.

ఇరుపక్షాల వాదనలో తేలినది

1994లో హెలెన్ బెర్మన్, బార్బరా బ్రాడ్‌స్కీ, వారి సహచరులు కొల్లాజెన్‌ను పోలిన ఒక పెప్టైడ్ స్ఫటిక నిర్మాణాన్ని 1.9 ఆంగ్‌స్ట్రాముల సూక్ష్మతతో ప్రకటించారు. మూడు పేటల త్రాడు, నడిమి భాగంలో గ్లైసీన్ అన్న రామచంద్రన్, కర్తాల మూల భావన స్థిరపడింది. హైడ్రోజన్ బంధాల విషయంలో మాత్రం మూడు అవశేషాలకు ఒకటే అన్న రిచ్, క్రిక్‌ల వాదన నిలిచింది.

అయితే ఇందులో మరొక విశేషం ఉంది. ఆల్ఫా కార్బన్‌పై ఉన్న హైడ్రోజన్, పక్క గొలుసులోని ఆక్సిజన్‌తో బలహీనమైన హైడ్రోజన్ బంధం ఏర్పరచగలదని రామచంద్రన్ బృందం 1960 దశకంలోనే సూచించింది. అప్పట్లో దానిని అంగీకరించినవారు తక్కువ. కొల్లాజెన్ పెప్టైడ్ నిర్మాణంలో అటువంటి సామీప్యాలు నిజంగానే ఉన్నాయని 1996లో బెల్లా, బెర్మన్ వివరించారు. కనుక ఈ వివాదంలో ఒక పక్షం పూర్తిగా గెలిచిందని, మరొక పక్షం ఓడిందని చెప్పడం సరికాదు.

ఇతర పరిశోధనలు

1971లో ఎ. వి. లక్ష్మీనారాయణన్‌తో కలిసి, అనేక దిశల నుండి తీసిన ఎక్స్-కిరణ చిత్రాల నుండి వస్తువు లోపలి స్వరూపాన్ని పునర్నిర్మించే ఒక గణిత పద్ధతిని ప్రకటించాడు. అంతవరకు వాడుకలో ఉన్న ఫూరియే పరివర్తనలకు బదులు సంవలనం అనే ప్రక్రియను వాడడం వల్ల గణన సులభమైంది. వైద్యశాలలలో వాడే సి.టి. స్కానింగు గణనలో వీరిద్దరి పేర్ల మొదటి అక్షరాలతో రామ్-లాక్ ఫిల్టరు అన్న పేరు నిలిచిపోయింది. ఆర్. శ్రీనివాసన్‌తో కలిసి స్ఫటిక శాస్త్రంలో ఫూరియే పద్ధతులపై ఒక గ్రంథం రచించాడు. చివరి దశలో భారతీయ తర్క శాస్త్రం, ముఖ్యంగా జైనుల స్యాద్వాదం ఆధారంగా గణిత తర్కంపై కృషి చేశాడు.

మళ్ళీ బెంగుళూరుకు

1970లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని వదలి, 1971లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అణు జీవభౌతిక శాస్త్ర విభాగాన్ని స్థాపించాడు. అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో కూడా కొంతకాలం ఆచార్యుడుగా ఉన్నాడు. మద్రాసు, బెంగుళూరు విభాగాలలో శిక్షణ పొందిన విద్యార్థులు తరువాతి దశాబ్దాలలో దేశంలో ఈ శాస్త్రాన్ని విస్తరింపజేశారు.

పురస్కారాలు

* 1961: భౌతిక శాస్త్రంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం
* 1977: లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం
* 1999: అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర సమాఖ్య వారి ఎవాల్డ్ బహుమతి

చివరి రోజులు

1998లో భార్య రాజలక్ష్మి మరణం ఆయనను కుంగదీసింది. పార్కిన్సన్ వ్యాధితో కొన్నేళ్ళు బాధపడి, 2001 ఏప్రిల్ 7న చెన్నైలో 78వ ఏట మరణించాడు.

ప్రభావం

1971లో ప్రారంభమైన ప్రోటీన్ డేటా బ్యాంకులో ఇప్పుడు 2 లక్షలకు పైగా నిర్మాణాలు ఉన్నాయి. కొత్త ప్రోటీను నిర్మాణాన్ని ప్రకటించే ముందు దాని అవశేషాలు రామచంద్రన్ పటంలో ఎక్కడ పడుతున్నాయో చూడడం ఆనవాయితీ. నిషిద్ధ ప్రాంతంలో ఒకటి రెండు అవశేషాలు పడితే తప్పనిసరిగా దోషమేనని అనలేము. ప్రోటీను పనికి అవసరమై అలా వంగినవి కూడా కొన్ని ఉంటాయి. కాని ఎక్కువ సంఖ్యలో పడితే నమూనా నిర్మాణంలో పొరపాటు జరిగినట్లు భావిస్తారు. మోల్‌ప్రోబిటీ అనే పరీక్షా సాధనం, బంధం లేని పరమాణువులు 0.4 ఆంగ్‌స్ట్రాములు లేదా అంతకు మించి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకువచ్చిన చోట్లను లెక్కించి, 1000 పరమాణువులకు ఎన్ని అన్నది తెలుపుతుంది. ఒకనాడు మద్రాసు నమూనాపై వచ్చిన విమర్శే ఇప్పుడు ప్రతి నమూనాకు జరిగే సాధారణ పరీక్ష అయింది.

గొలుసులో దూరంగా ఉన్నా మడతల వల్ల దగ్గరకు చేరే అవశేషాల పరిశీలన దీనికి తరువాతి మెట్టు. రెండు అవశేషాలలోని నిర్దిష్ట కార్బన్ల మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రాములకు లోపల ఉంటే వాటి మధ్య సంపర్కం ఉన్నట్లు భావించడం ఒక సాధారణ నియమం. 153 అవశేషాలు గల మయోగ్లోబిన్‌కు 153 అడ్డు వరుసలు, 153 నిలువు వరుసలు గల పట్టికలో సంపర్కం ఉన్న గళ్ళను నల్లగా నింపితే ఆ ప్రోటీను మడతల స్వరూపం ఒక్క చూపులో తెలుస్తుంది. దీనిని సంపర్క పటం అంటారు. 2010 దశకంలో అమినో ఆమ్లాల వరుస నుండే ఈ సంపర్కాలను ఊహించే పద్ధతులు వృద్ధి చెందాయి. 2020లో ఆల్ఫాఫోల్డ్ రెండవ రూపం సాధించిన విజయానికి అవి దారి చూపాయి. అలా ఊహించిన నిర్మాణాలను సైతం ఇప్పటికీ రామచంద్రన్ పటంతో సరిచూస్తారు.